ఒక్కటే వైరు

“మెల్లగా బాబూ, పడుకుంది,” అన్నాడు పెద్దాయన, పెదాల మీద వేలు పెట్టి.

హారను మీదికి పోబోయిన చేతిని డ్రైవరు వెనక్కి తీసుకుని బండి దిగాడు. షెడ్డు మూలన తెల్ల బండి ఆగి ఉంది. అద్దాలన్నిటికీ లోపలి నుంచి ఎండ తెరలు బిగించి ఉన్నాయి. ఆగిన బండే అయినా ఏసీ నడుస్తున్న సన్నని చప్పుడు వస్తోంది. కింద నీళ్ళు బొట్లు బొట్లుగా కారి నేల తడిసింది. గోడకున్న చార్జింగు వైరు ఆ బండికే తగిలించి ఉంది.

“మనవరాలా?” అన్నాడు డ్రైవరు గొంతు తగ్గించి.

“ఇంకెవరు? ఇంట్లో రేకుల కింద ఉడికిపోతుంది. దీన్లో పొగ లేదు, రొద లేదు, చల్లగా ఉంటుంది. నువ్వు ఊరికే తిట్టుకుంటావు గానీ, ఎలక్ట్రిక్ బండిలో సుఖం ఇంకెందులో ఉంది?”

డ్రైవరు తిట్టుకోవడానికి కారణం ఉంది. ఈ షెడ్డులో అద్దెకిచ్చే బండ్లు నాలుగు, వైరు ఒక్కటి. నెల అద్దెకు బండి తీసుకున్నప్పటి నుంచి అతని ప్రాణం బ్యాటరీ శాతాల్లో కొట్టుకుంటోంది. ఊళ్ళో తిప్పినంతసేపూ బంగారం లాంటి బండే, ఖర్చు సగం కూడా కాదు. దూరం బేరం తగిలినప్పుడే చుక్కలు కనిపిస్తాయి. ఇవాళ తగిలింది. ఒక ఆఫీసు పెద్దమనిషిని విమానాశ్రయంలో దింపాలి. ఆయనకి నచ్చితే ఆ ఆఫీసు బేరాలన్నీ ఇతనికే. చార్జింగు చూస్తే దారి చివరిదాకా వచ్చేలా లేదు. బజారులోని చార్జింగు స్టేషను దగ్గర చాంతాడంత లైను.

“పాలు తెస్తాను, లేచే వేళయింది,” అంటూ పెద్దాయన సంచీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి భార్యను అడిగాడు. “వైరు ఉందిగా? చూశావా?”

“ఉంది. చూశాను,” అంది ఆవిడ, తాళాల బల్ల దగ్గర కూర్చునే.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి డ్రైవరు బల్ల దగ్గరకు వచ్చాడు.

“పిన్నీ, ఒక్క పది నిమిషాలు. ఆ వైరు ఇటు పెట్టుకుంటాను.”

“అందరూ పది నిమిషాలే అంటారు.”

“మీరు లేవక్కర్లేదు, నేనే తీసుకుంటా. మీకు షాకు భయమని తెలుసుగా.”

ఆవిడ వైరు ముట్టుకోదని అక్కడికి వచ్చే డ్రైవర్లందరికీ తెలుసు. ఎవరి బండికి వాళ్ళే పెట్టుకోవాలి. దాని మీద వాళ్ళు వెనకాల జోకులేసుకుంటారు కూడా.

“వద్దు బాబూ.”

“డీజిలు బండైతే ఈపాటికి పోయించుకుని ఊరు దాటేవాణ్ణి. పది నిమిషాలకి పిల్లకేం కాదు పిన్నీ, బ్యాటరీ ఎంతుందో చూసి చెప్తా, మీరే అందురుగాని.”

ఆవిడ వద్దంటున్నా వినకుండా వెళ్ళి ముందు తలుపు తెరిచాడు. చల్లగాలి మొహానికి కొట్టింది. బ్యాటరీ నిండుగా ఉంది. ఆ మాట చెప్పబోతూ వెనక్కి చూశాడు. పసిపిల్లల సీటుకు బెల్టు బిగించి ఉంది. సీటులో మడతపెట్టిన చిన్న దుప్పటి తప్ప ఏమీ లేదు.

“పిన్నీ, ఇందులో ఎవరూ లేరు.”

“తెలుసు.”

ఆవిడ చేతిలోని తాళాలు బల్ల మీద పెట్టింది.

“పోయిన ఏడాది ఎండల్లో ఆయనే పడుకోబెట్టాడు. బ్యాటరీ అడుగంటి ఉంది. వైరు పెట్టాననే అనుకుని అన్నానికి వెళ్ళి, అక్కడే కునుకు తీశాడు. లేచి వచ్చేసరికి ఏసీ ఆగిపోయింది. వైరు కొక్కేనికి వేలాడుతోంది. తెరలు వేసి ఉంటే లోపల పిల్ల ఉందని ఎవరికి తెలుస్తుంది బాబూ?” తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. “తలుపు వెయ్యి. చల్లదనం పోతుంది.”

డ్రైవరు తలుపు వేశాడు. పాపం అనిపించింది. బేరం కూడా గుర్తొచ్చింది.

“ఏమనుకోకండి పిన్నీ. ఖాళీ బండే కదా. బాబాయ్ వచ్చేలోపు మళ్ళీ పెట్టేస్తాను.”

ఆవిడ లేచి వచ్చి బండికీ గోడకీ మధ్య నిలబడింది.

“బేరం పోతే ఇంకోటి వస్తుంది. ఈ వైరు జోలికి మాత్రం రాకు.”

అంతలో పెద్దాయన వచ్చాడు. వైరు దగ్గర డ్రైవరును చూడగానే పాల ప్యాకెట్టు చేతిలోంచి జారిపోయింది.

“తీశారా?”

“లేదు బాబాయ్. ఉంది, చూడండి.”

ఆయన తడుముకుంటూ వచ్చి ప్లగ్గును గట్టిగా నొక్కాడు. చెయ్యి దాని మీదే ఉంచి ఊపిరి పీల్చుకున్నాడు.

“నాకు మతిమరుపు బాబూ. ఒకసారి పెట్టడం మర్చిపోయాను. మా ఇంటావిడ అలా కాదు, ఏదీ మర్చిపోదు. ఆ రోజు తనకొక మాట చెప్పి వెళ్ళుంటే సరిపోయేది. కళ్ళలో పెట్టుకుని చూసుకునేది.”

ఆవిడ వంగి, పగిలిన ప్యాకెట్టు చుట్టూ పారుతున్న పాలను గుడ్డతో తుడుస్తోంది. తల ఎత్తలేదు.

డ్రైవరు ఫోను తీసి, డీజిలు బండి ఉన్న స్నేహితుడికి బేరం అప్పగించాడు. మాట్లాడుతున్నంతసేపూ తెలియకుండానే గొంతు తగ్గించాడు. బండిని చప్పుడు లేకుండా వీధిలోకి తీసుకుపోయి, చార్జింగు లైనులో చివర నిలబెట్టడానికి బయలుదేరాడు.

షెడ్డులో ఏసీ చప్పుడు ఒక్కటే మిగిలింది.

“వైరు ఉందిగా? చూశావా?” అన్నాడు పెద్దాయన మళ్ళీ.

“ఉంది. చూశాను,” అంది ఆవిడ, ఖాళీ కొక్కెం వైపు వీపు పెట్టి.

ఆ రోజు ఎవరో పది నిమిషాలని బతిమాలితే వైరు తీసింది ఆవిడే.