వంటగది సీను దాకా

ఇప్పుడు దెయ్యం సినిమా తీయడానికి మనుషులక్కర్లేదు. మొహాల కొట్టులో, నటులు స్కాన్ చేయించి అమ్ముకున్న మొహాలు నాలుగు కొనుక్కుంటే మిగతాది యంత్రమే చూసుకుంటుంది. ఆ కొట్టులో నల్ల మొహాలన్నిటినీ దెయ్యాల అరలోనే పడేశారు. దానమ్మ కూతురు సువార్త మొహమూ అక్కడే ఉంది. జూనియర్ ఆర్టిస్టుగా తిరిగే రోజుల్లో అమ్ముకుంది, ఆ ఏడే డెంగీతో పోయింది. అప్పట్నుంచి ప్రతి చవక సినిమాలోనూ కోరలతో, నెత్తుటి కళ్లతో కనబడుతోంది. దానమ్మ ఒక్కటీ వదలకుండా చూస్తుంది.

చివరికి ఆ సినిమాలు తీసే శ్రీవత్సకి ఫోన్ చేసింది.

"ఒక్కదాంట్లోనన్నా నా బిడ్డని మనిషిలాగా చూపించయ్యా. హీరోయినేం చెయ్యొద్దులే."

"ఆ రంగుని జనం దెయ్యంగానే చూస్తారమ్మా, నేనేం చేసేది?"

"జనాన్ని అడిగావా, నువ్వే అనుకున్నావా?"



"సరే, పనిమనిషి వేషం ఇస్తా. కానీ అందరికంటే ముందు చచ్చేది ఆ పిల్లే."

ఆ సినిమా వచ్చింది. సువార్త వంటగదిలో గిన్నెలు తోముతూ, తడి చేత్తో జుట్టు వెనక్కి తోసుకుంది. కోరల్లేవు, నెత్తురు లేదు. వెనక తలుపు కిర్రుమంది. దానమ్మ గబుక్కున ఆపేసి, మళ్లీ మొదటికి తిప్పింది.

ఆ సినిమాలో చివరిదాకా బతికిందెవరో ఆమెకి ఇప్పటికీ తెలీదు.