ఏడుపు వినే తలుపు

ఇప్పుడు ఆసుపత్రి ఎమర్జెన్సీ గుమ్మంలో మనుషులు ఉండరు. తలుపు పక్కనున్న యంత్రం వచ్చినవాళ్ల ఏడుపు విని, లోపలికి రానివ్వాలో ఇంటికి పంపాలో తేలుస్తుంది.

నా తొమ్మిది నెలల మనవడు కాళ్లు ముడుచుకుని గుక్కపట్టి ఏడ్చాడు. తలుపు తెరుచుకోబోయింది. అంతలో నొప్పి ఆగి వాడు నవ్వాడు.

"బాబు ఆరోగ్యంగా ఉన్నాడు. ఇంటికి వెళ్లండి," అంది యంత్రం. ఇలా నాలుగుసార్లు జరిగింది.

"గిల్లమంటారా, మావయ్యా?" అంది కోడలు స్రవంతి.

"వద్దమ్మా."

మా ఊరి కాంపౌండరు విరేచనం చూడనిదే బిడ్డను ముట్టేవాడు కాదు. ఆ అలవాటున బాబు గుడ్డను టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చాను.

"ఛీ, అన్నం డబ్బాలోనా!" అంది స్రవంతి.

గుడ్డ నిండా నెత్తుటి జిగురు. తీసి యంత్రం కెమెరాకు పులిమాను. వెంటనే గంటలు మోగాయి, డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"పేగులోకి పేగు దూరింది తాతగారూ. ఇంటికెళ్లుంటే బిడ్డ దక్కేవాడు కాదు."

ఆమె కింది నుంచి గాలి పంపి పేగును సరిచేసింది. వాడు ఆ గాలిని మోతతో తిరిగిచ్చాడు. అందరం చప్పట్లు కొట్టాం.

"దయచేసి కెమెరా తుడవండి," అంది యంత్రం.

నిరుడు నా భార్య పంటిబిగువున నొప్పి ఓర్చుకుని ఇక్కడే నిలబడితే, ఏడవడం లేదని ఇంటికి పంపింది ఈ గొంతే.

నేను తుడవలేదు.