వాన కింద ఏడుపు

“వాన తగ్గించు. ఏడుపు పైకి రావాలి,” అన్నాడు డైరెక్టర్.

కాలేజీ ఎడిటింగ్ గదిలో ఇద్దరే ఉన్నారు. అతనూ, సౌండ్ చూసే అమ్మాయీ. ఎప్పుడూ పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని తిరుగుతుందని ఆమెని అందరూ కుందేలంటారు.

సాయంత్రంలోగా సినిమా ఇచ్చెయ్యాలి. మాస్టారు ఇప్పటికే ఒకసారి తిప్పి పంపారు. కొడుకు చావు కబురు విన్న తల్లి ఏడుపు పేలవంగా ఉందన్నారు. నిజమే. నాటకాల్లో వేసే ఒకావిడ చేత ఏడిపిస్తే క్లాసంతా నవ్వింది. ఈసారీ నచ్చకపోతే ఆఖరి ప్రదర్శనలో వీళ్ళ సినిమా ఉండదు. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

అందుకే పొద్దున అతను కొత్త ఏడుపు రికార్డు చేసి తెచ్చాడు.

కుందేలు దాన్ని వాన చప్పుడు కింద పెట్టి చూసింది. పైన పెట్టి చూసింది. కాస్త ఫ్యాన్ మోత కలిపింది. ఎక్కడ పెట్టినా ఆ గొంతు మిగతా వాటిని తొక్కేస్తోంది. హెడ్‌ఫోన్లు తీసేసింది. ఎవరీవిడ అని అడిగింది.

“మా అమ్మ.”

“ఇంతకుముందు నటించారా?”

“ఎప్పుడూ లేదు. వంటింటి అలమరలో మైకు పెట్టా. ఒకటే టేక్.”

ఆవిడ ముందు హీరోయిన్లంతా దిగదుడుపేనంది కుందేలు. తన తల్లయితే సినిమా అనగానే చీపురు తీస్తుందని చెప్పింది. అతను నవ్వాడు.

ఒక్కటే చిక్కు. ఏడుపు మధ్యలో ఆవిడ ‘చిన్నోడా’ అంటోంది. సినిమాలో కొడుకు ఒక్కడే.

“కట్ చేసెయ్,” అన్నాడు. “అమ్మకి కథ తెలీదుగా.”

చిన్నోడా అన్న చోటల్లా కుందేలు కత్తిరించింది. ఆ ఖాళీల్లో వాన నింపింది. చివర్లో ఊపిరాడక గుటకలు మింగిన చప్పుడు బాగుందని, దాన్ని ఇంకాస్త పెంచమన్నాడు అతను.

మాస్టారు వచ్చి నిలబడే విన్నారు. అయిపోయాక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

“ఇక దీన్ని ముట్టుకోకండిరా. ఇలాగే ఇచ్చెయ్యండి,” అని వెళ్ళిపోయారు.

కుందేలు కుర్చీలో వెనక్కి వాలింది. ప్రదర్శన రోజు అమ్మగారిని ముందు వరసలో కూర్చోబెట్టాలంది.

అతను జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఇక రీటేక్ అక్కర్లేదుగా, తమ్ముడు బతికే ఉన్నాడని అమ్మకి చెప్పేస్తాను.”