ఇంకా ఆరు సెకన్లు

"ఇంకా ఆరు సెకన్లున్నాయయ్యా! ఎదురుగా తాటిచెట్టంత మనిషి చేతులు చాపి నిలబడితే, పక్కన ఖాళీగా ఉన్న పిల్లకి బంతివ్వక, తనే బుట్టలో వెయ్యబోవడమేంటి? ఒక్క పాయింటుతో పోయింది బాస్కెట్‌బాల్ మ్యాచ్!" టైలరు కొట్లో ఇస్త్రీ బల్ల గుద్ది మరీ అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఈ కాలం పిల్లలకి ఓపికెక్కడ ఏడ్చింది?" అని వంత పాడాడు టైలరు. ఆ బంతి వేసింది ఎవరో కాదు, అతని మేనకోడలే.

అంతలో ఆ పిల్లే చంక కింద చిరిగిన జెర్సీ పట్టుకుని లోపలికి వచ్చింది.

"నీకెవరు చెప్పారే అప్పుడే వెయ్యమని?" నిలదీశాడు ఎలక్ట్రీషియన్.

"ఎవరూ చెప్పలేదు బాబాయ్. నాదే తొందర," అంది తల వంచుకుని.

టైలరు చేతిలోని సూదికి దారం ఎక్కనని మొరాయించింది. గ్యాలరీలో లేచి నిలబడి, గొంతు చించుకుని "వేసెయ్, వేసెయ్!" అని అరిచింది ఎవరు మరి? తేలు కుట్టిన దొంగలా ఎంతసేపని కూర్చుంటాడు!

"నేనే అరిచానోయ్," అన్నాడు చివరికి. "అంత గోలలో అది నా గొంతని దానికేం తెలుసు పాపం! కోచ్ అనుకుని ఉంటుంది."

"తెలుసు మావయ్యా," అంది పిల్ల, జెర్సీ మడత విప్పుతూ. "నువ్వు చెప్పావనే వేశాను."