పిట్ట ముట్టని విస్తరి

మురుగు నాలా పొంగి హన్మకొండ ఇండ్లలోకి నీళ్లొచ్చిన ఏడు అది. నీళ్లు తీసిన వారానికే కమలమ్మ చనిపోయింది.

భర్త రాజేశ్వర్ రావు గుండెలు బాదుకుని ఏడ్చాడు.

ఇంటి గేటు ముందర మక్కకంకులు కాల్చి అమ్మే యాకయ్య వచ్చి నిలబడ్డాడు. కంట్లో చుక్క నీరు లేదు.

"మొఖం చూడు, రాయి లెక్క. తమాష చూడనీకొచ్చిండా?" అంది కోడలు దీప.

మనవరాలు సౌమ్యకు బడిలో చెప్పిన ఇంగ్లిషు మాట గుర్తొచ్చింది.

"ఎక్స్‌ప్రెసివ్ అంటే మనసులది మొఖంల కనబడుడు మమ్మీ. తాత ఎక్స్‌ప్రెసివ్. ఈయన ఆపోజిట్. ఎక్స్‌ప్రెషన్‌లెస్."

యాకయ్యకు ఆ మాట తెలియదు. తననే అన్నారని తెలిసింది. తల వంచుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు డాబా మీద పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవి పెడితేనే కాకి ముడుతుందంటారు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు.

గారెలు, సకినాలు, పులిహోర.

కాకి వాలింది. చూసింది. ఎగిరిపోయింది.

లడ్డూలు తెప్పించి పెట్టారు. కాకి మళ్లీ రాలేదు.

మధ్యాహ్నం రెండయింది. షుగరున్న రాజేశ్వర్ రావు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

"జర ఒక్క ఇడ్లీ అన్న తినుండ్రి మామయ్యా."

"మీ అత్త ఉపాసముంటే నేను తింటనా? ఏం తక్కువ చేసిన్నే కమలా!"

మెట్ల మీద చప్పుడైంది. యాకయ్య. చేతిలో మోదుగాకు దొప్ప.

"మళ్లొచ్చిండు," దీప గొణిగింది.

అతను దొప్పను విస్తరి పక్కన పెట్టి దూరం జరిగాడు. అందులో కాల్చిన మక్కగింజలు, ఉప్పుకారం వేసి మెత్తగా దంచినవి.

కాకి వచ్చింది. ముట్టింది.

"ఆమెకు మక్కలిష్టమా? నీకెట్లెరుక?" రాజేశ్వర్ రావు అడిగాడు.

"రోజూ పొద్దుగాల బోణీ అమ్మదే సారూ. దవడ పండ్లు లేవు గద. దంచిస్తుంటి."

"పండ్లూడినయా? ఎప్పుడు?"

"మూడేండ్లాయె."

రాజేశ్వర్ రావు కోడలి వైపు చూశాడు. ఆమె విస్తరిలోని గట్టి సకినాల వైపు చూసింది.

"కూసో యాకయ్యా, తిని పో..." అన్నాడు రాజేశ్వర్ రావు.

అప్పటికే అతను మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పొద్దున సౌమ్య యాకయ్య బండి దగ్గరికి వెళ్లింది.

"తాతా, ఒక కంకి."

యాకయ్య తల ఎత్తలేదు. కాల్చిన కంకి గింజలు ఒలిచి దంచుతున్నాడు.

"ఆగు బిడ్డా," అన్నాడు గేటు వైపు చూస్తూ. "ఇంకా బోణీ కాలే."