మంగళవారం ఉప్పు

"ఈ మొక్కు ఎవరికోసం అవ్వా?" అని జయరామ్ అడిగితే అలిమేలమ్మ నోటిమీద వేలు పెట్టుకుంది.

"మొక్కింది బయటికి చెప్తే ఫలం రాదు నాయనా."

కొండ వెనకాల అడివి అంచున నాటిన స్వామి ఈటె, వేలాయుధం ముందు, రాతిమీద దోసెడు ఉప్పూ పిడికెడు మిరియాలూ పోసి చెంపలేసుకుంది. తిరుత్తణి చుట్టుపక్కల ఒంట్లో నలతకు మొక్కే మొక్కు అది. ఆడి నెల, అంటే ఆషాఢం మొదలు ప్రతి మంగళవారం పొద్దుగూకేముందు వచ్చి పోస్తోంది ముసలమ్మ. తెల్లారేసరికి ఉప్పు మాయమై మిరియాలు మిగిలితే స్వామి అందుకున్నట్టు.

అందుకుంటున్నది జింకలని జయరామ్‌కు తెలుసు. డెబ్బై ఎనిమిదిలో ఆ జింకల కోసమే పశువుల డాక్టరు జయరామ్‌ని ఇక్కడికి వేశారు. మింజూరు కుర్రాడు, పెళ్ళి కాలేదు. అలిమేలమ్మ ఇంట్లో అద్దెకుంటూ ఆమె చేతి కూడే తింటూ, పగలంతా అడివిలో జింక పెంటికలు ఏరుకొచ్చి మైక్రోస్కోపు కింద పెట్టి చూసేవాడు. దాహమేస్తే జింకలు తాగే గుంటలోనే దోసిలి పట్టేవాడు. తిరిగి తిరిగి పాంటు జారిపోతుంటే బెల్టుకు కొత్త చిల్లు పొడుచుకున్నాడు తప్ప, ఒళ్ళు చూసుకునే తీరిక ఎక్కడిది?

చూసినకొద్దీ అతని గుండె నీరుగారిపోయింది. ప్రతి జింక కడుపులోనూ పురుగులే. చూలు జింక ఒకటి మందతో నడవలేక గుంట పక్కనే కూలబడి ఉంటోంది. వానలు పడేలోపు మందు పడకపోతే మంద మిగలదు. పట్టి మింగిద్దామా అంటే, వల మీద పడగానే బెదిరి ప్రాణం విడిచే జాతి. పైగా ఊరివాళ్ళు వలను ముట్టనివ్వలేదు. స్వామి పెళ్ళాడిన వళ్లీదేవిని కన్నది జింకే కదా, అమ్మవారి పుట్టింటివాళ్ళను వల వేసి పడతారా అని అడ్డం పడ్డారు.

ఆ రాత్రి కూటి దగ్గర ఈ గోడంతా వెళ్ళబోసుకున్నాడు. కడుపులో పురుగులున్నట్టు పైకి ఎట్లా తెలుస్తుందని అడిగింది అలిమేలమ్మ. ఎంత తిన్నా ఒళ్ళు పట్టదనీ, కళ్ళు పాలిపోతాయనీ చెప్పాడు. ఆమె రెప్ప వేయకుండా విన్నది. తన బిడ్డలకైతే వాయువిడంగాలు నూరి పోసేదాన్నని, పురుగులన్నీ పడిపోయేవని, జింకలకూ అదే పొయ్యకూడదా అని అడిగింది.

జయరామ్ పగలబడి నవ్వాడు. "చేదు మందు తాగమంటే తాగుతాయా అవ్వా? వాటికి తెలీకుండా పెట్టాల."

అని, నవ్వు మధ్యలో ఆగిపోయాడు. ఆమె కూడా గరిటె పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

తరువాతి మంగళవారం ముసలమ్మ ఇంటిదారి పట్టగానే, జయరామ్ చెట్టు చాటునుంచి వచ్చి రాతిమీది ఉప్పులో మందు పొడి కలిపాడు. తెల్లారి చూస్తే మిరియాలే మిగిలాయి. వారం వారం అదే పని.

మందకు మంచే జరుగుతోంది, కానీ అతనికి మాత్రం మనశ్శాంతి లేదు. పాండూరులో ఉన్న కూతురు సత్యవతి ఇంటికి అలిమేలమ్మ మాటిమాటికీ పోయి వస్తోంది. మొక్కు ఆ కూతురి బిడ్డ కోసమే అయ్యుండాలి. దేవుడి ఉప్పును తను మైలపరిచినందుకు ఆ పసిదానికి ఏమన్నా అయితే? ఆ దిగులుతో అన్నం సయించేది కాదు. చారు కూడా నోటికి వగరుగా, చేదుగా తగిలేది. తప్పు చేసినవాడి నోరు ఇట్లాగే ఉంటుందనుకుని, ఆ చల్లని తల్లి వంటకు వంక పెట్టడానికి ముఖం చెల్లక, గుటుక్కున మింగేసేవాడు.

ఐప్పసి నెల, ఆశ్వయుజం వానలు దిగాయి. చూలు జింక లేచి మందలో కలిసి, చుక్కల పిల్లను కన్నది. మంద ఒంటిమీదికి నిగనిగ తిరిగొచ్చింది. జయరామ్ బెల్టు కూడా పాత చిల్లుకు వచ్చింది. జింకలు తేరుకున్న సంతోషం తన ఒంటికీ పట్టిందనుకున్నాడు.

ఆ వారమే సత్యవతి బిడ్డను తీసుకుని వచ్చింది. పాప బొద్దుగా ఉంది, ఇల్లంతా పరిగెడుతోంది. దాన్ని చూడగానే జయరామ్ మనసు కుదుటపడింది. మొక్కు తీరిపోయింది, ఇక ఉప్పు పొయ్యనక్కర్లేదని అలిమేలమ్మ అంటుంటే ఇక దాచుకోలేకపోయాడు.

"నీ ఉప్పులో నేను జింకలకు మందు కలిపినాను అవ్వా. నీకు తెలీకుండా. పాపకు నయమైంది గాబట్టి సరిపోయింది. లేకుంటే నా మొహం నీకెట్ల చూపించేది?" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అలిమేలమ్మ కోప్పడలేదు. అతని చెంప నిమిరి, కంచంలో వేడివేడి చారు పోసింది. ఆ పూట చారు కమ్మగా ఉంది.

"మొక్కొకటే చాలదని, నేను మాత్రం నీ చారులో వాయువిడంగాలు కలపలేదా నాయనా?"