సున్నా మట్టం

ఆ ఎడారి ఏటికి ఏ ఐదారేళ్లకో ఒకసారి నీళ్లొస్తాయి. మిగతా రోజులన్నీ ఇసుకే. ఏటి నడుమ పాతిన కొలబద్ద చూసి, రోజూ రాత్రి నీటిమట్టం రాయడం అతని ఉద్యోగం. ఎప్పుడూ సున్నాయే కాబట్టి సున్నాలాయన అని పేరుపడ్డాడు. ఈమధ్య వారానికి సరిపడా సున్నాలు ఇంట్లో కూర్చునే చుట్టేస్తున్నాడు.

ఆ రాత్రి భార్య పోరు పడలేక టార్చి పట్టుకుని ఏట్లోకి దిగాడు. కాళ్ల కింద ఇసుక పొడిపొడిగా ఉంది. కొలబద్ద మాత్రం అతని తలకంటే ఎత్తుదాకా తడిసి, బొట్లు కారుతోంది. బొట్లు పడుతున్నది ఇసుకలోనే. చప్పుడు మాత్రం నీళ్లలో పడ్డట్టుంది.

ఫోను మోగింది. గట్టు మీద, ఇంటి గుమ్మంలో నిలబడి భార్య.

"ఏవండీ, వచ్చెయ్యండి! నడుం దాకా వచ్చేశాయి!"

"ఏవిటే వచ్చింది?"

"నీళ్లు! అలా గుడ్లప్పగించి నిలబడ్డారేంటి?"

కిందికి చూశాడు. చెప్పుల మీద దుమ్ము.

"నీ వేళాకోళం పాడుగానూ, ఇక్కడ చుక్క లేదు" అని నవ్వబోయాడు. అటువైపు ఆమె వెక్కిళ్లు వినిపించాయి.

"ఇప్పుడెంతుంది?" అన్నాడు, ఉద్యోగం అలవాటు కొద్దీ.

"మీరు కనిపించడం లేదండీ."